వరహాలమ్మ అధికారిక వారాంతం

రాజాం బస్టాండు పక్కన తవిటినాయుడి టిఫిన్ హోటల్లో వేడివేడి ఇడ్లీ తినని మనిషి ఆ ఊళ్ళో లేడు, ఒక్క వరహాలమ్మ తప్ప. ఆవిడ ఆ తవిటినాయుడి పెళ్ళామే. పిండి రుబ్బేది ఆవిడ, పొయ్యి రాజేసేది ఆవిడ, "ఇంకో వాయి పంపండి" అని జనం కేకలేస్తుంటే పొగలు కక్కే పళ్ళాలు మోసేది ఆవిడ. తీరా తను కూర్చుని తినే వేళకి ఇడ్లీ గోడకేసి కొట్టినా చెక్కు చెదరదు. కాపురానికొచ్చిన నాటినుంచీ ఇదే వరస.

ఆవిడకున్న కోరిక ఒక్కటే. విశాఖపట్నం వెళ్ళాలి, సముద్రంలో కాళ్ళు పెట్టుకుని, పక్కన మొగుడు ఉండగా, ఎవరో వేసిన మిరపకాయ బజ్జీ నోరు కాలేటంత వేడిగా తినాలి. "ఓస్, అదెంత పని! వచ్చే ఆదివారం ఎల్దాం" అని తవిటినాయుడు ఏళ్ళతరబడి అంటూనే ఉన్నాడు. ఆ ఆదివారం మాత్రం ఏ క్యాలెండర్లోనూ అచ్చు కాలేదు.

ఇలా ఉండగా పైవాళ్ళకి వారాంతాల మీద మోజు పుట్టింది. జనం శనాదివారాలు ఇంట్లో పడి నిద్రపోవడం వల్లే ప్రగతి కుంటుపడిందని ఒక పెద్దాయన ఏదో సభలో సెలవిచ్చాడు. ఆయన అనడమే తరువాయి, 'దంపతుల వారాంత విహార ప్రోత్సాహక మండలి' అని ఒకటి విశాఖలో వెలిసింది. చైర్మన్ వచ్చాడు, భవనం వచ్చింది, భవనం ముందు నీళ్ళు రాని ఫౌంటెను కూడా వచ్చింది. అన్నీ సమకూరాక చైర్మన్ గారికి చిన్న సందేహం వచ్చింది.

"ఇంతకీ మనలో ఎవరికైనా మనుషుల్ని ఊరు తిప్పి చూపించడం తెలుసా?"

అందరూ త్రినాథ పట్నాయక్ గారి వైపు చూశారు. ఆయన ఉద్యోగంలో చేరింది మొదలు చేసిన పని ఒకటే: మంత్రులొస్తే ఎదురెళ్ళడం, తిప్పడం, సాగనంపడం.

"ఊరు చూపించడానికి ఉన్నది ఒకటే పద్ధతి సార్. అది నాకు కంఠతా వచ్చు" అన్నారు పట్నాయక్ గారు.

చైర్మన్ గారు ఊపిరి పీల్చుకున్నారు. మొదటి జంట కోసం ఊరూరా బస్టాండుల్లో డబ్బాలు పెట్టి చీటీలు వేయించారు. లాటరీ తీస్తే తవిటినాయుడి చీటీ లేచింది.

ఆ కబురు ఫోన్లో వచ్చింది. ఎత్తింది వరహాలమ్మ.

"గౌరవ దంపతుల కార్యాలయమేనాండీ?" అంది అవతలి గొంతు.

"ఇది ఇడ్లీ హోటల్ బాబూ."

"అదేనమ్మా. తమరు విహారార్థం ఎంపిక కాబడ్డారు. సార్ గారి బ్లడ్ గ్రూపు, మేడం గారి మెడ కొలత తెలియపరచగలరు."

"మెడ కొలత ఎందుకు బాబూ, నేనేం తప్పు చేశానని?"

"పూలదండ నిమిత్తమమ్మా. గతంలో ఒక గౌరవనీయులకి దండ చెవుల దగ్గరే ఆగిపోయి ఫోటోలో అపఖ్యాతి వచ్చింది."

"మాకు దండలొద్దు బాబూ. కాళ్ళు తడుపుకోడానికి సముద్రం, తినడానికి వేడి బజ్జీ. అంతే చాలు."

"సముద్రము ఒకటి, బజ్జీ వేడిది. నమోదు చేసుకున్నాను. రెండూ ఏర్పాటు చేయబడతాయమ్మా."

వరహాలమ్మ కళ్ళు చెమర్చాయి. ఇంతకాలానికి తన మాట ఒకరు శ్రద్ధగా విన్నారు కదా అని పొంగిపోయింది. ఆ 'చేయబడతాయి'లో ఎంత గండం ఉందో పాపం ఆవిడకేం తెలుసు!

శనివారం పొద్దున్నే హోటల్ మూసి, 'విహారానికి వెళ్ళాము' అని పలకమీద రాసి తగిలించి, ఇద్దరూ బస్సెక్కారు. విశాఖలో దిగేసరికి సన్నాయి మేళం మొదలైంది. ఎవరిదో పెళ్ళి కాబోలనుకుని వరహాలమ్మ పక్కకి తప్పుకోబోయింది. సఫారీ సూటు వేసుకున్న సన్నటి మనిషి ఎదురొచ్చి నడుం వంచాడు. మీసానికి రంగు నిన్ననో మొన్ననో వేసినట్టుంది.

"త్రినాథ పట్నాయక్ అండీ. తమరి రాక మాకు శుభదాయకం. ఏమీ కంగారు పడకండి, నిన్న రిహార్సల్ చేశాం. అంతా దివ్యంగా వచ్చింది."

"మేం లేకుండా రిహార్సలేటి బాబూ?" అన్నాడు తవిటినాయుడు.

"దంపతులుగా మా ఆఫీసు అటెండర్లు ఇద్దరిని నడిపించాం సార్. అప్పలసూరి భర్త, గవిరయ్య భార్య. గవిరయ్య చాలా బాగా సహకరించాడు. కొండ ఎక్కేటప్పుడు సిగ్గు కూడా పడ్డాడు."

దండలు పడ్డాయి. కొలత బాగానే కుదిరింది. ఎదురుగా తెల్లకార్లు బారు తీరి ఉన్నాయి. వరహాలమ్మ మొగుడి వెనకే ఎక్కబోతే పట్నాయక్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"సార్ మొదటి వాహనం, మేడం గారు మూడో వాహనం అమ్మా. గౌరవనీయులిద్దరూ ఒకే వాహనంలో ప్రయాణించడం భద్రతా కారణాల రీత్యా శ్రేయస్కరం కాదు."

"అయ్యో బాబూ, మేము మొగుడూ పెళ్ళాలం."

"అందుకేనమ్మా. జరగరానిది జరిగితే హోటల్ చూసుకోడానికి ఒకరైనా మిగలాలి కదా."

మరి రెండో కార్లో ఎవరు? ఎవరూ లేరు. మొదటి కారు చెడిపోతే పనికొస్తుందని అది ఖాళీగా వస్తోంది. దంపతుల విహారం అలా మొదలైంది, మధ్యలో ఒక ఖాళీ కారుతో.

మొదటి అంశం 'సముద్ర వీక్షణం'. బీచ్ రోడ్డులో ట్రాఫిక్ ఆపేశారు. చెట్ల మొదళ్ళకి తెల్ల సున్నం, దారి పొడుగునా బ్లీచింగ్ పౌడరు. ఇసుకలో ఆడుకునే పిల్లల్ని, బజ్జీ బళ్ళని, మురీ మిక్చర్ వాళ్ళని, కూర్చుని కబుర్లాడుకునే జంటల్ని భద్రత కోసం ఖాళీ చేయించారు. జనం లేకపోతే సభ బోసిపోతుందని వేరే జనాన్ని బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్ళ ముందు ఎత్తుగా వేదిక, వేదిక మీద సింహాసనాల్లాంటి కుర్చీలు రెండు. వరహాలమ్మ వెళ్ళి కూర్చుంది. ఎదురుగా జనం. సముద్రం వీపు వెనకాల హోరుమంటోంది.

"ఇప్పుడు గౌరవ దంపతులు సముద్రమును వీక్షించుచున్నారు" అని మైకు చెప్పింది.

చప్పట్లు మోగాయి. వరహాలమ్మ మెడ తిప్పబోతే ఫోటోగ్రాఫరు "మేడం, ఇటు, ఇటు" అన్నాడు.

"బాబూ, కుర్చీ అటు తిప్పించుకుంటాను" అంది పట్నాయక్ గారి చెవిలో.

"సభకి వెన్ను చూపడం మర్యాద కాదమ్మా."

"సముద్రానికి చూపొచ్చా?"

"సముద్రం ఫిర్యాదు చేయదు కదమ్మా."

"పోనీ ఒక్కసారి కాళ్ళు తడుపుకునొస్తాను."

పట్నాయక్ గారి మొహం పాలిపోయింది. "తడి అంశం కార్యక్రమంలో లేదమ్మా. కావాలంటే గజ ఈతగాళ్ళు, అంబులెన్సు, పడవ, వాతావరణం వారి ధ్రువీకరణ... ఇప్పటికిప్పుడంటే ఎలా?" అని ఒక అధికారి చెవిలో ఏదో ఊదారు. కాసేపటికి ఇద్దరు మనుషులు సముద్రపు నీళ్ళు ఒక స్టీలు బేసిన్లో మోసుకొచ్చి, దానికి బంతిపూలు చుట్టి, వరహాలమ్మ కాళ్ళ దగ్గర పెట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే కాబోలనుకుని ఆవిడ బొటనవేలు ముంచింది. మళ్ళీ చప్పట్లు.

ఈలోగా తవిటినాయుడి చేతికి మైకిచ్చారు. పాపం, వాడి జన్మలో మైకు పట్టలేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, "అందరికీ నమస్కారం. చట్నీలో ఉప్పెక్కువైతే నిమ్మకాయ పిండాలి" అన్నాడు. జనం ఈలలు వేశారు. బస్సుల్లో వచ్చినవాళ్ళు మరి, ఎక్కడ చప్పట్లు కొట్టాలో వాళ్ళకి బాగా తెలుసు. ఆ చప్పట్లతో తవిటినాయుడి వెన్ను కొంచెం నిటారైంది. వరహాలమ్మకి గుండెలో కలుక్కుమంది. మొగుడి వెన్ను నిటారైనప్పుడల్లా ఏదో ఒకటి జరుగుతుందని ఆవిడ అనుభవం.

మధ్యాహ్నం గెస్టుహౌసులో భోజనం. పులస కాలం కాదు గానీ వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, గోంగూర, అన్నీ చేయించారు. వంటగదిలోంచి పొగలు కక్కుతూ గిన్నెలు రావడం వరహాలమ్మ చూసింది. ఆవిడ నోట్లో నీళ్ళూరాయి. ఆ గిన్నెలు ఆవిడ ముందునుంచే నడుచుకుంటూ పక్క గదిలోకి వెళ్ళాయి, తలుపు మూసుకుంది.

"అక్కడేటవుతుంది బాబూ?"

"ఆహార పరీక్షమ్మా. ముగ్గురు అధికారులు ప్రతి పదార్థాన్నీ రుచి చూస్తారు. ఆపైన కొంతసేపు వేచి ఉండి, వారు సజీవులై ఉన్నట్టు నిర్ధారించుకున్నాక తమరికి వడ్డన."

లోపల్నుంచి తేనుపులు వినిపించాయి. ఒకాయన "ఆ రొయ్యలు మరోసారి పరీక్షిస్తే మంచిది" అనడం కూడా వినిపించింది. మొత్తానికి ముగ్గురూ సజీవులుగానే తేలారు. అప్పటికి వంజరం చల్లారి బిగుసుకుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు, ఇక్కడ మొదటి పంక్తిలో ఒంటరిగా కూర్చున్నా చద్దన్నమే. వరహాలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, 'దీనికోసం ఇంత దూరం రావాలా, మా వంటింట్లో లేదా ఏంటి' అనుకుంది.

సాయంత్రం కైలాసగిరి. అక్కడా అంతే. రోప్‌వే తొట్టె ఒకదాంట్లో తవిటినాయుడు, ఒకటి ఖాళీ, ఆ వెనక తొట్టెలో వరహాలమ్మ, పక్కన తుపాకీ పట్టుకున్న జవాను. కింద సముద్రం నీలంగా, ఎంతో అందంగా ఉంది. "మావా, ఓ మావా, అటు చూడు పడవలు!" అని కేకేసింది. తవిటినాయుడు ముందు తొట్టెలోంచి చెయ్యి ఊపాడు. పెళ్ళానికి ఊపినట్టు కాదు, ఓటర్లకి ఊపినట్టు ఊపాడు.

కొండ మీద వీళ్ళ కోసం అర్జీల జనం కాచుకుని ఉన్నారు. ముందు తొట్టె, వెనక తొట్టె, మధ్యలో ఖాళీ తొట్టె ఉన్నాయంటే వీళ్ళు ఎవరో పెద్దవాళ్ళే అయ్యుంటారు కదా మరి! ఒకాయన పింఛను గురించి చెప్పుకున్నాడు. తవిటినాయుడు గెడ్డం నిమురుకుంటూ, "పరిశీలిస్తాం" అన్నాడు. ఆ మాట వాడికి ఎవరు నేర్పారో దేవుడికెరుక.

జనంలోంచి ఒక నల్లటి, దిట్టమైన ఆడమనిషి వచ్చి వరహాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నా పేరు నూకరత్నం. బీచిలో బజ్జీల బండి నాది. తవురొస్తన్నారని బండి తీయించీసినారు. మాదీ మండలి భవనం ఎనకాల పేటే. రోడ్డు లేదు, కుళాయికి నీలు రావు. సాన్నాల్లనుండి తిరుగుతన్నాం. ఒక్కపాలి మా పేటకి సూడ్డానికి రండమ్మా. తవురు ఏ దారినెల్తే ఆ దారి బాగుపడతంది."

వరహాలమ్మకి సిగ్గుతో తల వాలిపోయింది. తను బజ్జీ తిందామని వస్తే బజ్జీ వేసేదాని బండే లేచిపోయిందన్నమాట! "నీ బండి మీద బజ్జీ ఎలాగుంటాదమ్మా?" అని అడిగింది.

"నూనిలోంచి తీసి సేతిలో ఎడతానమ్మా. ఉఫ్ ఉఫ్ అనుకుంటూ తినాల," అంది నూకరత్నం.

వరహాలమ్మ గుటక మింగింది.

చీకటి పడుతుండగా గెస్టుహౌసు వరండాలోకి వెండి పళ్ళెంలో 'బజ్జీ, వేడిది' వచ్చింది. పైన మూత, మూతకి లక్క సీలు, పక్కన 'పరీక్షించబడినది' అన్న చీటీ. వరహాలమ్మ మూత తీసి వేలితో నొక్కింది. బజ్జీ తడిగుడ్డలా మెత్తగా అణిగింది. ఉన్నవి కూడా సగం సగమే. తక్కిన సగం పరీక్షలో పోయింది.

"వరాలూ, రేపు నా ప్రసంగంలో సాంబారు గురించి కూడా రెండు ముక్కలు..." అంటున్నాడు తవిటినాయుడు.

అంతే, ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది. "నోర్ముయ్ మావా! ఏం పరిశీలిస్తావు నువ్వు? పొద్దుట్నుంచీ పెళ్ళాం మొహం ఒక్కసారి పరిశీలించావా? నీ పక్కన కూర్చుందామని వచ్చాను నేను. మూడో కార్లో జవాను పక్కన కూర్చోడానికి కాదు. వేడిగా ఒక్క ముద్ద తినడానికి కూడా నేను నోచుకోలేదా?" అని బావురుమంది.

తవిటినాయుడి వెన్ను మళ్ళీ మామూలుగా వంగింది. పళ్ళెం వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. "ఛ, నా బుద్ధి మండ" అని తల కొట్టుకున్నాడు. దండ తీసి కుర్చీకి తగిలించి, వెళ్ళి ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాడు.

రేపటి కార్యక్రమం వినిపించడానికి వచ్చిన పట్నాయక్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ముప్ఫై ఏళ్ళలో గౌరవనీయులు ఏడవడం ఆయన చూడలేదు, ఓడిపోయినప్పుడు తప్ప.

వరహాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "బాబూ, ఒక్క మాట అడుగుతాను. ఆ మంత్రులు ఎప్పుడూ ఇలా చల్లారిందే తింటారా? పెళ్ళాం ఒక కార్లో, మొగుడొక కార్లో, ఇలాగే బతుకుతారా?"

పట్నాయక్ గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అలా ఎందుకుంటారమ్మా. వారి కార్యక్రమంలో మధ్యలో 'రిజర్వుడు' అని వేయిస్తారు. ఆ సమయంలో వారెక్కడికి వెళ్ళినా మేం వెంట వెళ్ళం, అడగం, చూడం. ఎదురుపడినా గుర్తుపట్టం. అది మా ధర్మం."

"అయితే రేపు మాకంతా అదే వేయండి."

"రోజంతానా! అమ్మా, అది చాలా పై స్థాయి వారికే..."

"సరే అయితే. రేపు మీ భవనం వెనక పేట చూస్తాను."

పట్నాయక్ గారు గోడ పట్టుకున్నారు. "అక్కడ చూడదగ్గది ఏమీ లేదమ్మా. గుంటలే."

"ఆ గుంటలే చూస్తాను. కుర్చీ వేయించండి, మైకు పెట్టించండి. మా ఆయన మాట్లాడతాడు."

"పరిశీలిస్తాను" అన్నాడు తవిటినాయుడు, ఈసారి పెళ్ళానికి వంత పాడుతూ.

బేరం తెగింది. పొద్దున పేట, ఆ తర్వాత రాత్రి దాకా రిజర్వుడు. వెళ్ళబోతున్న పట్నాయక్ గారిని వరహాలమ్మ ఊరికే పలకరించింది.

"మీ ఆవిడకి సముద్రమంటే ఇష్టమేనా బాబూ?"

"మా మేడ మీంచి కనబడుతుందమ్మా."

"మీరు తీసుకెళ్ళి చూపించారా అని."

ఆయన చేతిలో కాగితాలు సర్దుకున్నారు. "ఆదివారాలన్నీ డ్యూటీలేనమ్మా" అన్నారు, అదేదో రోడ్లూ భవనాల శాఖ తప్పయినట్టు.

తెల్లారేసరికి పేటలో రోడ్డు పడింది. గుంటలు పూడ్చారు, కుళాయికి రంగు వేశారు, దాన్లో నీళ్ళు కూడా వచ్చాయి. దారికి అటూ ఇటూ కుండీలు. 'సహజ జనజీవనం' చూపించాలి కాబట్టి లేపేసిన బళ్ళన్నీ వెతికి తెచ్చి నిలబెట్టారు. వరహాలమ్మ కుళాయి తిప్పింది, నూకరత్నం బిందె పట్టింది.

తవిటినాయుడికి మైకిచ్చారు. వాడు పెళ్ళాం వైపు ఒకసారి చూసి, "కుళాయి బాగుంది. మేము మళ్ళీ వస్తాం. ఎప్పుడొస్తామో చెప్పం" అని మైకు ఇచ్చేశాడు.

అధికారుల గుండెల్లో రాయి పడింది. గౌరవనీయులు వెళ్ళగానే కుండీలు బండెక్కించడం, కుళాయి కట్టెయ్యడం ఆనవాయితీ. ఎప్పుడొస్తారో తెలియని గౌరవనీయుల విషయంలో ఏం చెయ్యాలో ఏ నిబంధనలోనూ లేదు. అందుకని ఎక్కించిన కుండీలు దించేశారు. కుళాయి జోలికి ఇప్పటికీ ఎవరూ పోలేదని వినికిడి.

సాయంత్రం బీచి మామూలుగా కిటకిటలాడుతోంది. తవిటినాయుడు, వరహాలమ్మ ఆటోలో వచ్చి దిగారు, ఇద్దరూ ఒకే ఆటోలో. ఎవరూ నమస్కారం పెట్టలేదు. ఒక పిల్లాడి బంతి వచ్చి తవిటినాయుడి నెత్తిన పడింది. వరహాలమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అలలోకి నడిచింది. చల్లటి నీళ్ళు కాళ్ళకి తగలగానే "అబ్బ!" అని మొగుడి భుజం గట్టిగా పట్టుకుంది.

నూకరత్నం నూనెలోంచి బజ్జీ తీసి, కాగితం ముక్కలో పెట్టి, పరుగున తెచ్చి చేతిలో పెట్టింది. వరహాలమ్మ ఆగలేదు, కొరికేసింది.

"అమ్మో! కాలిందే! నాలుక కాలిపోయింది మావా!" అని ఎగిరింది.

"అయ్యయ్యో, నీళ్ళు తాగు, నీళ్ళు" అని తవిటినాయుడు కంగారు పడ్డాడు.

"వద్దు. అలాగే ఉండనీ" అంది వరహాలమ్మ. కళ్ళల్లో నీళ్ళు, మొహమంతా నవ్వు. ఉఫ్ ఉఫ్ అనుకుంటూ రెండో ముక్క కొరికి, మిగిలిన సగం మొగుడి నోట్లో కుక్కింది. వాడికీ కాలింది. ఇద్దరూ పిచ్చివాళ్ళలా నవ్వుకున్నారు.

అప్పుడు చూసింది ఆవిడ. కొంచెం అవతల, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, సన్నటి మనిషి ఒకాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. రంగేసిన మీసం మీద ఉప్పునీళ్ళు మెరుస్తున్నాయి. పక్కన ముదురాకుపచ్చ చీరలో ఒక పెద్దావిడ, చిన్నపిల్లలా కెరటాన్ని కాలితో తంతోంది.

తవిటినాయుడు చెయ్యి ఎత్తబోతే వరహాలమ్మ గిల్లింది. "ఊరుకో. మనం రిజర్వుడులో ఉన్నాం."

పట్నాయక్ గారు వీళ్ళని చూశారు. తల కొంచెం అటు తిప్పుకున్నారు. గుర్తుపట్టకపోవడం ఆయన ధర్మం కదా.

నూకరత్నం వాళ్ళకీ ఒక వేడి బజ్జీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని భార్యకి ఇవ్వలేదు. ముందు తను ఒక కొస కొరికి, నమిలి, మింగి, కళ్ళు మూసుకుని వేచి ఉన్నారు. ఆవిడ ఒక్క క్షణం చూసింది.

"మీరు బతికే ఉన్నారు గానీ, ఇటివ్వండి, చల్లారిపోతోంది" అని ఆ బజ్జీ లాక్కుని నోట్లో వేసుకుంది.